జోంగ్నో వీధి రాత్రులు

ఒక నగరము రాత్రివేళ మేలుకొని యుండుటకు అచ్చటి జనుల సంపదయో, స్వేచ్ఛయో కారణమని మనము సాధారణముగా తలంతుము. దక్షిణ కొరియా రాజధానియైన సియోలు నగరమున జోంగ్నో అను పేట చరిత్రను తరచి చూచినవారికి ఈ తలంపు నిలువదు. సాయంసంధ్య దాటగానే కాలుచున్న మాంసపు పొగలతోను, సోజు అను సారాయి గ్లాసుల చప్పుళ్ళతోను, తాతలును మనుమలును ఒకే సందులో ఒరసికొని నడచు సందడితోను నిండిపోవు ఈ పేట, తాను పుట్టిన నాటినుండి గడచిన ఆరువందల ఏండ్లలో అధికభాగము, చీకటి ముదిరిన పిమ్మట ఎవరును వీధిలో కనబడరాదను శాసనము క్రిందనే బ్రదికినది. అచ్చటి సందుల అల్లికయు, పూటకూళ్ళ యిండ్ల వంటకములును, త్రాగుడు వేళలును ఏదో యొక నిషేధమును ప్రక్కకు నెట్టి నడచుటకై సామాన్యులు వెదకికొన్న దారులనుండియే ఏర్పడినవని నా యభిప్రాయము. ఆ దారులను వెంబడించుటయే ఈ వ్యాసమునకు పని.

1392లో యీ సొంగ్‌గ్యే అను సేనాపతి కొర్యో రాజ్యమును కూలద్రోసి జోసన్ వంశమును నిలిపి, రెండేండ్లకు తన రాజధానిని హాన్ నదికి ఉత్తరమున కొండల నడుమనున్న హాన్యాంగ్ పట్టణమునకు మార్చెను. అదియే నేటి సియోలు. 1396లో ఆ కొండల వెన్నుల మీదుగా సుమారు 18 కిలోమీటర్ల పొడవున కోటగోడ లేచినది. గోడకు నాలుగు దిక్కుల నాలుగు మహాద్వారములు. తూర్పు ద్వారమునుండి పడమటికి సాగు రాచబాట. ఆ బాట నడుమ కూడలిలో ఒక గంటామంటపము. ఈ గంటను బట్టియే వీధికి జోంగ్నో అను పేరు కలిగినది. కన్ఫ్యూషియస్ ధర్మమున కీర్తింపబడిన ఐదు సద్గుణములలో కరుణ తూర్పు ద్వారపు పేరిటను, న్యాయము పడమటి ద్వారపు పేరిటను, మర్యాద దక్షిణ ద్వారపు పేరిటను చేరగా, విశ్వాసమను గుణము నగరపు నడిబొడ్డుననున్న ఈ గంటామంటపమునకు దక్కెను. అయితే బోసింగక్ అను ఆ గౌరవనామము 1895లో మాత్రమే వచ్చినది. అంతవరకు జనులకు అది వట్టి గంటయిల్లే. 1468లో పోతపోసిన కంచుగంట ఒకటి, ఒకటిరెండు చోటులు మారి, తుదకు ఈ కూడలికి చేరి, మంటపము అగ్నికి ఆహుతియైనప్పుడెల్ల మరల కట్టబడుచుండగా తాను మాత్రము శతాబ్దుల తరబడి మ్రోగినది.

రాత్రి సుమారు పదిగంటల వేళ ఆ గంట 28 మారులు మ్రోగెడిది. కోట తలుపులు మూతపడెడివి. వేకువ నాలుగింటి ప్రాంతమున 33 మారులు మ్రోగెడిది, తలుపులు తెరువబడెడివి. 28 అనునది చంద్రుని సంచారమునకు చీనా జ్యోతిష్కులు ఏర్పరచిన నక్షత్రస్థానముల సంఖ్య. మనము అశ్విన్యాదిగా 27 లెక్కించి, అభిజిత్తును కూడ చేర్చినప్పుడు 28 అందుము. 33 అనునది బౌద్ధముతోపాటు ఆ దేశమునకు చేరిన త్రయస్త్రింశ స్వర్గమునకు, అనగా ఇంద్రుడు ఏలు ముప్పదిముగ్గురు దేవతల లోకమునకు గుర్తు. బౌద్ధమును అణచి, భిక్షువులను నగరమునుండి వెడలగొట్టి, కన్ఫ్యూషియస్ మార్గమును నెత్తికెత్తుకొన్న రాజవంశము తన రాజధానిని ప్రతి వేకువను ఇంద్రుని లెక్కతో మేలుకొలుపుట చూడగా, రాజాజ్ఞలకంటె అలవాట్లు ఎంత మొండివో బోధపడగలదు.

ఆ రెండు మ్రోతల నడుమ వీధులు గస్తీవారివి. పట్టుబడినవానిని తెల్లవారువరకు నిర్బంధించి, ఉదయమున దెబ్బలు కొట్టి పంపుట ఆచారము. కాని ఈ కఠినశాసనములో ఒక వింతయైన వెసులుబాటు కలదు. 1890లలో కొరియాను సందర్శించిన ఇసబెల్లా బర్డ్ బిషప్ అను ఆంగ్ల యాత్రికురాలు, రాత్రి గంట మ్రోగగానే పురుషులు ఇండ్లలోనికి పోవలెననియు, పగలంతయు లోగిళ్ళలో మగ్గిన స్త్రీలు అప్పుడు లాంతరులు పట్టిన పనికత్తెలతో బయటికి వచ్చి చుట్టపుటిండ్లకు పోవుదురనియు వ్రాసియున్నది. గ్రుడ్డివారికిని, ఉద్యోగులకును, విదేశీయుల సేవకులకును, వైద్యుని చీటీ పట్టుకొని మందుల దుకాణమునకు పోవువారికిని మాత్రము ఈ నిర్బంధము లేదట. వైద్యుని చీటీ ఎంతమంది జేబులలో నిత్యము సిద్ధముగా నుండెడిదో ఆమె వ్రాయలేదు గాని ఊహించుట కష్టము గాదు. ఏమైనను, జోంగ్నో వీధికి తొలి రాత్రిజీవనము స్త్రీల చేతిమీదుగా కలిగినదని చెప్పుటలో అతిశయోక్తి లేదు. ఉత్సవములు లేవు, పానము లేదు, దీపాలంకారములు లేవు. తల వంచుకొని పగలు గడపిన వారికి తలయెత్తి నడచుటకు వీలైన కొన్ని గడియలు మాత్రము కలవు.

ఇక పగటి జోంగ్నో సంగతి. 1412 మొదలు కొన్నియేండ్లలో తేజోంగ్ రాజు ఈ వీధికి ఇరువైపుల బారులు తీర్చి అంగళ్ళు కట్టించి, వర్తకులకు అద్దెకిచ్చెను. కాలక్రమమున వానిలో ఆరు పెద్ద అంగళ్ళు యుగుయిజొన్ అను పేర ప్రసిద్ధి కెక్కినవి: చీనాపట్టు, దేశవాళి పట్టు, నూలుబట్ట, నారబట్ట, కాగితము, ఎండుచేపలు మొదలగు మత్స్యములు. కోటలోపల ఆయా సరకును మరెవ్వరును అమ్మరాదను గుత్తాధికారము వారికి కలదు. దానికి బదులుగా అంతఃపురమునకు కావలసిన సరకును వారు సమకూర్చవలెను. అనుమతిలేని చిల్లర బేహారుల మీద పడి వారి మూటలను చెదరగొట్టుటకు సైతము ఈ సాహుకార్లకు హక్కు ఉండెను. 1791లో జొంగ్జో రాజు తక్కిన అంగళ్ళకున్న గుత్తను రద్దుచేసి, ఈ ఆరింటికి మాత్రము మిగిల్చెను. అదియు 1894 నాటి సంస్కరణలతో అంతరించెను.

ఇంతటి వీధిలో సామాన్యునికి నడచుటయే కష్టము. గుఱ్ఱము మీదనో పల్లకిలోనో పెద్ద ఉద్యోగి వచ్చునప్పుడెల్ల దారినపోవువాడు నేలపై సాగిలపడి, ఆ పరివారమంతయు దాటువరకు లేవరాదు. రాజధానిలో ఉద్యోగులకేమి కొదువ? నాలుగడుగులు వేయునంతలో మరియొకడు వచ్చును. పని చేసికొని బ్రదుకవలసినవాడు ఎన్నిమారులు సాగిలపడగలడు? అందుచేత అంగళ్ళ వెనుకభాగమున, రాచబాటకు సమాంతరముగా, ఇద్దరు ఎదురుపడినచో ఒకరు ఒదిగి నిలువవలసినంత ఇరుకైన సందులు పుట్టినవి. గుఱ్ఱములను తప్పించుకొను దారి యను అర్థము వచ్చునట్లు వానిని పిమత్‌గోల్ అనిరి. రాజు కట్టించిన వీధి ముందు. జనులు కట్టుకొన్న వీధి వెనుక. రెంటికిని నడుమ ఒక అంగడి మందము మాత్రమే దూరము. మర్యాదలన్నియు ముందటి వీధిలో జరుగగా, ఆకలి తీరుట, దప్పి తీరుట, గుసగుసలు, తగవులు, నవ్వులు వెనుక సందులో జరిగినవి. వెడల్పు లేని చోట పెద్ద భోజనశాల పుట్టదు. ఒక పొయ్యి, ఒక కాగు, రెండు బల్లలు. కొరియా రాజధాని సామాన్యుల వంట ఈ కొలతలలోనే రూపుదిద్దుకొన్నది.

ఆ కాగులలో ఉడికిన వానిలో సొల్లొంగ్‌తాంగ్ అను పులుసునకు అగ్రస్థానము. ఎద్దు ఎముకలను, తలమాంసమును, మోకాళ్ళను రాత్రింబవళ్ళు మరగబెట్టగా పాలవలె తెల్లనైన చారు దిగును. అందు అన్నము వేసి, ఉల్లికాడలు చల్లి, ఉప్పు ఎవరికి తగినంత వారే కలుపుకొని తిందురు. ఇది విలువైన మాంసము అమ్ముడుపోయిన తరువాత మిగిలినదానితో చేయు వంట. పశువులను కోయు వృత్తిలోని పెక్‌జొంగ్ అను కులమువారిని ఆ దేశమున చిరకాలము అంటరానివారిగా చూచిరి. 1894లో చట్టము ఆ భేదమును తొలగించినను మనస్సులు తొలగింపలేదు. ఇట్టి కొట్లు పెక్కు వారి చేతులలో నుండుటచే, పెద్దయిండ్లవారు లోపల కూర్చుండి తినుటకు జంకి, రుచిని మాత్రము విడువలేక, ఇంటికి తెప్పించుకొనుట మొదలుపెట్టిరి. బోర్లించిన గిన్నెల దొంతరను ఒక చేత నిలిపి, మరియొక చేత సైకిలు నడపుచు పరుగిడు కుఱ్ఱలు 1920ల నాటికి సియోలు వీధులలో సర్వసాధారణమైన దృశ్యము. కొరియాలో నేడు అర్ధరాత్రి సైతము ఇంటి గుమ్మమునకు భోజనము చేరుటను మెచ్చుకొనువారు, ఆ సౌకర్యపు మూలములో కొంత కులాహంకారము కూడ కలదని యెరుగుట మంచిది. హ్యొన్ జిన్‌గొన్ 1924లో ప్రచురించిన ప్రసిద్ధమైన కథలో రిక్షావాడు రోగపడిన భార్య కోరిన ఈ పులుసునే కొని ఇంటికి తెచ్చును. తెచ్చునప్పటికి ఆమె లేదు. జోంగ్నో చెంతనే 1904లో ఆరంభమైనదని చెప్పుకొను ఇమున్ సొల్‌నోంగ్‌తాంగ్ అను కొట్టు చోటు మారియైనను నేటికిని నడచుచున్నది.

1895లో గంట కొట్టి నగరమును మూయు పద్ధతి రద్దయ్యెను. 1899 మే నెలలో పడమటి ద్వారమునుండి జోంగ్నో మీదుగా చొంగ్‌న్యాంగ్ని వరకు విద్యుత్ ట్రాము పరుగిడెను. అదే నెలలో ఒక బిడ్డ దాని క్రింద పడి మరణింపగా, మూగిన జనము ఆగ్రహించి బండ్లను తగులబెట్టెను. ఐనను ట్రాము నిలువలేదు. పైగా రాత్రులు కూడ నడచుటకు సిద్ధపడెను. 1900 ఏప్రిల్ 10న జోంగ్నోలో ప్రయాణికుల కొరకు మూడు విద్యుద్దీపములను వెలిగించిరి. అంతకుముందు 1887లోనే రాజప్రాసాదమున దీపములు వెలిగినవి గాని, అవి రాజుగారివి. దారినపోవు దానయ్యకు దక్కిన తొలివెలుగు ఈ మూడు దీపములదే. ఆ దేశమువారు నేటికిని ఏప్రిల్ 10ని విద్యుత్ దినముగా పాటింతురు.

రాజ్యము జపాను వశమై కూలుచుండగా రాజుగారి వంటశాల వీధికి వచ్చినది. ప్రాసాదపు పాకశాలాధికారిగా పనిచేసిన ఆన్ సున్‌హ్వాన్ అనునతడు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో మ్యోంగ్‌వొల్‌గ్వాన్ అను భోజనశాలను నెలకొల్పి, అంతవరకు అంతఃపురపు గోడల లోపల మాత్రమే తెలిసిన వంటకములను, ఆస్థానమున ఆడి పాడిన గిసెంగ్ వనితల కళను డబ్బు గలవారందరికిని అందుబాటులోనికి తెచ్చెను. ఇట్టి విలాసగృహములను నీతివాదులు నిరసించుట సహజమే. కాని చరిత్ర నీతివాదులను లెక్కచేయదు. 1919 మార్చి 1న జపాను పాలన నుండి స్వాతంత్ర్యమును ప్రకటించిన 33 మంది జాతి ప్రతినిధులలో 29 మంది సమావేశమైనది ఈ భోజనశాలకు శాఖయైన తేహ్వాగ్వాన్‌లోనే. ఆ ప్రకటనను పాఠశాలల విద్యార్థులు మూగిన తాప్‌గోల్ ఉద్యానమున చదువుటకు మొదట నిశ్చయించిరి. రక్తపాతమగునను భయముతో పెద్దలు భోజనశాలకు మరలి, తామే పోలీసులకు కబురుపెట్టి నిర్బంధింపబడిరి. పెద్దలకై ఎదురుచూచి విసిగిన విద్యార్థులు ఉద్యానములో తమంతట తామే ప్రకటనను చదివి, జోంగ్నో వీధిలోనికి ఉరికిరి. వెనుక సందులలో శతాబ్దములు తలదాచుకొన్న నడకకు ఆనాడు రాచబాటయంతయు చాలలేదు.

జపానువారి కాలమున సియోలు రెండు నగరములుగా చీలెను. చొంగ్గెచొన్ అను వాగునకు దక్షిణమున జపానువారి పేటలు, వెలుగులు, మిత్సుకోషి మొదలగు వారి పెద్ద అంగళ్ళు. ఉత్తరమున జోంగ్నో, కొరియనులది. ఇచ్చటి వర్తకులు వెనుకబడియుండిరి గాని చేతులు ముడుచుకొని యుండలేదు. దక్షిణ ద్వారపు సంత జపాను వర్తకుల పలుకుబడి క్రిందికి జారుచుండగా, 1905లోనే జోంగ్నో తూర్పుభాగమున కొరియా వర్తకులు గ్వాంగ్‌జాంగ్ సంతను స్వంత పెట్టుబడితో స్థాపించిరి. జోంగ్నో కూడలిలో పాక్ హుంగ్‌సిక్ 1931లో నెలకొల్పిన హ్వాసిన్ అంగడి, అగ్నిప్రమాదమునకు గురియై, 1937లో పాక్ గిల్‌ర్యోంగ్ అను కొరియా వాస్తుశిల్పి రూపకల్పనతో ఆరంతస్తులుగా మరల లేచెను. అందలి లిఫ్టును, కదలు మెట్లను చూచుటకే పల్లెలనుండి జనులు వచ్చెడివారు. ఆ భవనమును 1987లో పడగొట్టిరి. ఆ తావున 1999లో పూర్తియైన జోంగ్నో టవరునకు 33 అంతస్తులు. గంటకు 33, ప్రతినిధులకు 33, అంతస్తులకును 33. ఇంద్రునికి ఈ కూడలి మీద మక్కువ తీరినట్లు లేదు.

ఆ రోజులలో రాత్రి వినోదమనగా చలనచిత్రమే. 1907లో వెలసిన దాన్‌సొంగ్‌సా అను రంగశాలలో 1919 అక్టోబరు 27న కొరియనులు నిర్మించిన తొలి చిత్రము, నాటకముతో కలిపి ప్రదర్శింపబడెను. ఆ తేదీయే ఆ దేశపు చలనచిత్ర దినము. 1926లో నా ఉన్‌గ్యు తీసిన ‘ఆరిరాంగ్’ సైతము అచ్చటనే వెలువడినది. సమీపమునందలి ఉమిగ్వాన్ రంగశాల వాకిట గుంపుగూడిన ముష్టియోధుల నాయకుడు కిమ్ దుహాన్ పేరు నేటికిని నాటకములలోను, టెలివిజను కథలలోను మారుమ్రోగుచున్నది. ఆతడు స్వాతంత్ర్యానంతరము శాసనసభ్యుడు కూడ అయ్యెను. వీధి రౌడీలు శాసనసభలకు చేరుట మన పాఠకులకు నమ్మరాని సంగతి కాబోదు.

1945 ఆగస్టులో జపాను పాలన తొలగినది. జోంగ్నో రాత్రులు మాత్రము మరల మూతపడినవి. సెప్టెంబరులో అడుగుపెట్టిన అమెరికా సైన్యము సియోలు, ఇంచొన్ నగరములలో రాత్రి సంచారమును నిషేధించెను. తరువాత కొరియా యుద్ధము వచ్చెను. యుద్ధము ఆగినను నిషేధము నిలిచెను. వేళలు మారి మారి తుదకు అర్ధరాత్రి పండ్రెండు మొదలు వేకువ నాలుగువరకు స్థిరపడినవి. కంచుగంట చోట సైరను కూసినది. మూత విడుచు వేళ మాత్రము పాతకాలపు నాలుగు గంటలే. క్రిస్మసు ముందటి రాత్రియు, డిసెంబరు 31 రాత్రియు తప్ప ముప్పదియారేండ్లకు పైగా ఇదే స్థితి. పదకొండు దాటినంతనే చివరి బస్సు కొరకు తొక్కిసలాట. టాక్సీల కొరకు కేకలు. అందుకొనలేనివారు పానశాల తలుపులు లోపల గడియవేసికొని నాలుగువరకు త్రాగుచునో, నిద్రించుచునో గడపవలసినదే. వీధిలో దొరికినవారు పోలీసు ఠాణాలో తెల్లవారువరకు గడపి, జరిమానా చెల్లించి పోయెడివారు.

ఈ నిషేధము ఒక వంటకమును మహారాజును చేసినది. జోంగ్నో పడమటి కొనకు చేరువనున్న చొంగ్‌జిన్-దోంగ్ సందులలో పూర్వము కట్టెల సంత యుండెడిది. చలిలో తెల్లవారకమునుపే కట్టెల మోపులతో నగరము చేరువారికి వేడి పులుసు వండిపెట్టు ఆచారమునుండి అచ్చట హెజాంగ్‌గుక్ అను పులుసు కొట్లు పుట్టినవి. 1937లో మొదలైన చొంగ్‌జినోక్ వానిలో ప్రసిద్ధము. ఎద్దు ఎముకల చారులో సోయా ముద్ద కలిపి, ఎండబెట్టిన కాబేజీ ఆకులు, ఎద్దు పేగులు, గడ్డకట్టిన నెత్తురు ముక్కలు వేసి ఉడికింతురు. మనవారిలో అనేకులకు వినుటకే వెగటు; రాత్రి త్రాగిన సోజు తలలో దిమ్ముగా నిలిచినవానికి అది అమృతము. నాలుగు గంటలు కొట్టగానే ఠాణాల నుండి, పానశాలల నుండి, సత్రముల నుండి బయటపడిన జనమంతయు ఈ సందులలోనికే నడచెడిది. పనికి పోవు కూలియు, పనినుండి మరలు వాద్యగాడును, విందునుండి మరలు ధనికుడును ఒకే బల్ల మీద మోచేతులు తగులునట్లు కూర్చుండి తినెడివారు. రాత్రిని మూయు ఆజ్ఞయే లేకున్నచో తెల్లవారుజాము భోజనమునకు ఇంతటి వైభవము కలిగెడిది కాదు.

నిషేధము త్రాగుడు ముంతలోనికి సైతము దిగినది. బియ్యపు కరవుచేత 1960ల నడుమ ప్రభుత్వము ధాన్యముతో సారాయి కాచుటను, బియ్యముతో మక్కొల్లి అను మద్యమును పులియబెట్టుటను మాన్పించెను. సోజు నీటితో పలుచన చేసిన స్పిరిటుగా మారెను. మక్కొల్లి గోధుమపిండి పాలాయెను. 1970ల చివర కొలదికాలము సడలినను, బియ్యపు మక్కొల్లి స్థిరముగా తిరిగి వచ్చినది 1990లోనే. నేడు లోకమంతట ప్రసిద్ధమైన చౌక సోజు ఆ కొరతకు పుట్టిన బిడ్డ. పెనుకొండ చెంత కియా కార్ల కర్మాగారము వెలసిన తరువాత అచ్చటికి వచ్చిన కొరియా భోజనశాలలను చూచిన మనవారికి ఆ ఆకుపచ్చ సీసా క్రొత్త గాదు. గోధుమ మక్కొల్లికి తోడుగా పిమత్‌గోల్ కొట్లలో పొగలు గ్రక్కినది బిందెత్తోక్. నానబెట్టిన పెసలను తిరగలిలో రుబ్బి, పంది మాంసమును, మొలకలను కలిపి, క్రొవ్వులో దట్టముగా వేయించు ఈ అట్టు మన పెసరట్టునకు దూరపు చుట్టము. అల్లముపచ్చడికి మారుగా ఉల్లిపాయలు నానిన సోయారసము దానికి జత. గ్వాంగ్‌జాంగ్ సంతలో తిరగళ్ళు నేటికిని తిరుగుచునే యున్నవి, కాకున్న మోటారులతో.

ఈ కాలపు రాత్రులలో కీర్తింపదగని భాగమును దాటవేయుట న్యాయము గాదు. యుద్ధము మిగిల్చిన దారిద్ర్యములో జోంగ్నో మూడవ వార్డు సందులు వేశ్యావాటికగా మారి, 1968లో నగరపాలకుడు కిమ్ హ్యొన్‌ఓక్ జరిపించిన దాడులతో ఖాళీయైనవి. ఆ స్త్రీలు ఎచ్చటికి పోయిరో అడిగినవారు అరుదు. 

1981 సెప్టెంబరులో ఒలింపిక్ క్రీడలు సియోలునకు లభించినవి. రాత్రివేళ మూతపడు నగరమునకు లోకమును పిలుచుట ఎట్లు? 1982 జనవరి 5న నిషేధము తొలగెను. జోంగ్నోలోని సియోల్ రంగశాల ఆ యేడే అర్ధరాత్రి ఆటలు మొదలిడగా జనము విరుగబడెను. సైనిక ప్రభుత్వము ప్రజలకు వాక్స్వాతంత్ర్యము నీయక నిద్రమానుకొను స్వాతంత్ర్యము నిచ్చినదని కొందరు విమర్శించిరి. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. ఐదేండ్ల తరువాత 1987 జూనులో ప్రజాస్వామ్యము కొరకు సియోలు నడివీధులు జనముతో నిండినవన్నది కూడ సత్యమే.

గుఱ్ఱములు, గస్తీలు, సైరనులు తుడిచివేయలేని పిమత్‌గోల్‌ను తుడిచివేసినది భూమి ధర. 1980లలోనే పునర్నిర్మాణ పథకములు సిద్ధమైనను, 2009 నుండి చొంగ్‌జిన్-దోంగ్ కొట్లు వరుసగా నేలకూలినవి. చొంగ్‌జినోక్ మొదలగునవి గాజుభవనముల లోపలికి మారినవి; వంట అదియే, సందు లేదు. కొన్ని భవనముల నేలయంతస్తున పాత దారి గుర్తుగా ఒక నడవను విడిచి, దాని మీద పిమత్‌గోల్ అను ఫలకము కట్టిరి. గుఱ్ఱము లేదు, తప్పించుకొనవలసిన అవసరము లేదు, చలవయంత్రముల గాలి మాత్రము కలదు. ఇది స్మారకమా, పరిహాసమా అని నాకు సందేహము.

కాని పునాదులు త్రవ్వుటలో ఒక మేలు జరిగినది. నేలలో ఒకటి రెండు నిలువుల లోతున జోసన్ కాలపు అంగళ్ళ రాళ్ళు, ఇండ్ల పునాదులు, సందుల జాడలు పొరలు పొరలుగా బయటపడినవి. గోంగ్‌ప్యోంగ్ భాగమున ఒక మహాభవనపు నేలమాళిగలో ఆ జాడలను ఉన్నచోటనే నిలిపి 2018లో ప్రదర్శనశాలను తెరచిరి. అద్దపు నేల మీద నడచుచు పదునారవ, పదునేడవ శతాబ్దుల సందును చూడవచ్చును. 2021లో సమీపపు త్రవ్వకములలో ఒక కుండలోను చుట్టుప్రక్కలను సుమారు 1,600 లోహపు అచ్చు అక్షరములు దొరికినవి. అందు పదునైదవ శతాబ్దపు కొరియా లిపియైన హంగుల్ అక్షరములును కలవు.

సందు పోయినను దాని గుణము పేటను విడువలేదు, తూర్పునకు జరిగినది. 1920, 30లలో జొంగ్ సెగ్వొన్ అను నిర్మాత, జపానువారు ఉత్తరభాగమునకు విస్తరింపకుండునట్లు, పెద్ద లోగిళ్ళ స్థలములను ముక్కలు చేసి సామాన్య కొరియనులు కొనగల చిన్న పెంకుటిండ్లను వరుసగా కట్టించెను. ఇక్సొన్-దోంగ్‌లోని ఆ ఇండ్లు పడగొట్టుటకు నిర్ణయమై, పథకము మూలబడుటచే బ్రదికిపోయి, నేడు కాఫీశాలలతోను, పానశాలలతోను కిటకిటలాడుచున్నవి. అచ్చటికి రెండడుగుల దూరమున పందిమాంసము బొగ్గుల మీద కాల్చు సందు. దాని వెలుపల రాత్రియంతయు నిలుచు గుడారపు కొట్లు. సంఘము బాహాటముగా ఒప్పని ప్రేమగల పురుషులు 1970ల నుండి కలిసికొను చిన్న మద్యశాలలు. తాప్‌గోల్ ఉద్యానము వెనుక, పింఛనుతో గడపు వృద్ధులకు అతిచౌకగా కాబేజీ పులుసు పోయు కొట్లు. ఇక్సొన్-దోంగ్ అద్దెలు పెరిగి పాత కాపురస్థులు వెడలిపోవుట చూడగా, పిమత్‌గోల్‌కు పట్టిన గతియే వేరు మార్గమున ఇచ్చటికిని వచ్చుచున్నదని నా భయము. యువకుల అద్దపు కాఫీశాలలకంటె వృద్ధుల పులుసు కొట్లే జోంగ్నోకు నిజమైన వారసులని నా తీర్పు. వానిని కాపాడు పథకమేదియు మాత్రము నాకు కనబడలేదు.

పాత గంట 1985లో జాతీయ ప్రదర్శనశాలకు చేరినది. ఆ యేడే పోతపోసిన క్రొత్త గంట డిసెంబరు 31 అర్ధరాత్రి వేల జనుల నడుమ 33 మారులు మ్రోగును. సియోలు పోవు తెలుగువారు ఆ గుంపులో నిలువలేకపోయినను చింతలేదు. సాయంకాలపు విందునకు ముందు పగటివేళ గోంగ్‌ప్యోంగ్ నేలమాళిగకు దిగి ఆ పాత సందును చూచి, పిమ్మట ఇక్సొన్ వైపు నడువుడు. ఆ నేలమాళిగ ప్రదర్శనశాలకు ప్రవేశ రుసుము లేదు, సోమవారము మూసియుందురు.